బినామీ తుపాకి: అమ్మకందారుని బాధ్యత – చట్టం దృష్టిలో, షరీఅత్ దృష్టిలో

క్రయవిక్రయాలలో సాధారణంగా అమ్మినవాని బాధ్యత సరుకు అప్పగించి, వెల పుచ్చుకోవడంతో ముగుస్తుంది. బియ్యం కొన్నవాడు ఇంట వండుకుంటాడా, బంధువులకు పంపుతాడా అని కిరాణావర్తకుడు విచారించనక్కరలేదు. సరుకులో లోపం దాచకుండా, తూకంలో మోసం చేయకుండా అమ్మితే అతడు తన విధి నెరవేర్చినట్లే. కాని కొన్ని వస్తువుల విషయంలో కొన్నవాడెవరు, నిజంగా ఎవరికోసం కొన్నాడు అన్న ప్రశ్న ఆ వ్యాపారంలోనే భాగమవుతుంది. వాటిలో మొదటిది ఆయుధం. ఒకే తుపాకి ఒకని చేతిలో పొలానికి కాపలా. మరొకని చేతిలో హత్యాసాధనం. అందుకే ఆధునిక ప్రభుత్వాలు ఆయుధ వర్తకానికి లైసెన్సు పెట్టాయి. వాటికి ఎన్నో శతాబ్దాల ముందే ఇస్లామీయ ధర్మశాస్త్రవేత్తలు (ఫుకహా) ఆయుధాల అమ్మకాన్ని ప్రత్యేకంగా చర్చించారు.

ఈ వ్యాపారంలో అన్నిటికంటె జటిలమైన సమస్య బినామీ కొనుగోలు. లైసెన్సు ఒకరి పేర ఉంటుంది, తుపాకి మరొకరి ఇంటికి పోతుంది. అమెరికాలో దీనిని స్ట్రా పర్చేజ్ అంటారు. భూముల విషయంలో మనవారికి బినామీ అనే మాట చిరపరిచితం; తుపాకి విషయంలో కూడా అర్థం అదే. ఇటువంటి అమ్మకంలో దుకాణదారుడు, "నేను కాగితం చూశాను, కాగితం సరిగానే ఉంది" అని చెప్పి తప్పుకోగలడా? ఈ ప్రశ్నకు మన దేశ చట్టం ఏమంటున్నదో, షరీఅత్ ఏమంటున్నదో వివరించడమే ఈ వ్యాస ఉద్దేశం.

పల్లెటూరికి ఈ చర్చ ఎందుకు?

తుపాకుల సంగతి పట్టణాలకో, పెద్ద ధనవంతులకో సంబంధించినదని చాలామంది భావిస్తారు. అది సరికాదు. కామారెడ్డి జిల్లాలోని భిక్నూర్ మండలాన్నే తీసుకుందాం. వరి, మొక్కజొన్న, చెరకు పండే ప్రాంతమిది. కంకి పాలుపోసుకునే రోజుల్లో అడవిపందుల మంద ఒక్క రాత్రి చేలో పడితే రైతు ఆరుగాలం శ్రమ మట్టిపాలవుతుంది. మంచెమీద కూర్చుని డబ్బాలు కొట్టేవారు, చేను చుట్టూ పాతచీరలు కట్టేవారు తెలంగాణ పల్లెల్లో అడుగడుగునా కనిపిస్తారు. కంచెకు కరెంటు పెట్టి, ఆ తీగకే మనుషులు బలైన ఘటనలు కూడా రాష్ట్రంలో పదేపదే జరిగాయి. అడవిపందుల బెడద ఎంత తీవ్రమయిందంటే, 2021లో తెలంగాణ ప్రభుత్వం లైసెన్సుగల షూటర్ల చేత వాటిని చంపించడానికి అనుమతినిచ్చే అధికారాన్ని సర్పంచులకు అప్పగించాలని నిర్ణయించింది.

రైతు అవసరాన్ని చట్టం గుర్తించకపోలేదు. 1959 నాటి భారత ఆయుధ చట్టం 13వ సెక్షన్ పంటల రక్షణకోసం, మూతిలోనుంచి మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వడాన్ని ప్రత్యేకంగా పేర్కొన్నది. దరఖాస్తు జిల్లా మేజిస్ట్రేటుకు చేరుతుంది, స్థానిక పోలీసుస్టేషను నుండి నివేదిక వస్తుంది, ఆ పిమ్మట నిర్ణయం జరుగుతుంది. ఇందులో జాప్యముంటుంది, తిరస్కారమూ ఉంటుంది. బినామీకి బీజం పడేది అక్కడే.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఒక రైతుకు లైసెన్సు ఉన్నది. పొరుగు చేను రైతుకు లేదు. అతని దరఖాస్తు విచారణలో ఆగిపోయింది. "భాయ్, నీ లైసెన్సు మీద ఇంకో తుపాకి రాయించు, పైసలు నేనిస్త" అని పొరుగువాడు అడుగుతాడు. ఇద్దరూ ఒకే మస్జిదులో నమాజు చేసేవారు, ఒకరి పెళ్ళికి ఒకరు వెళ్ళేవారు. కాదనడానికి మొహమాటం. ఇద్దరూ కలిసి పట్నంలోని దుకాణానికి వెళ్తారు. లైసెన్సుగలవాడు కాగితం చూపుతాడు. పొరుగువాడు తుపాకి ఎంచి, బరువు చూసి, జేబులోంచి పైకం తీస్తాడు. ఇక్కడ దొంగ లేడు, హంతకుడు లేడు, పంట కాపాడుకోవాలనే ఇద్దరు రైతులున్నారు. అయినా చట్టం కళ్ళకు ఇది నేరానికి దారితీసే కొనుగోలు. ఆ క్షణాన గల్లా ముందు కూర్చున్న వర్తకుని కర్తవ్యమేమిటి?

చట్టం విధించిన విధులు

ఆయుధ చట్టం 1962 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చింది. దాని కింద మొదట 1962 నియమావళి, దానికి బదులుగా 2016 నియమావళి వచ్చాయి. వీటిలో వర్తకునికి సంబంధించిన ముఖ్యాంశాలు ఇవి.

మొదటిది: 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా ఆయుధాలు తయారుచేయడం, అమ్మడం, అమ్మకానికి ఉంచడం నిషిద్ధం. 2019లో చేసిన సవరణ ఈ నేరానికి శిక్షను చాలా కఠినతరం చేసింది: ఏడేళ్ళకు తక్కువకాని కారాగారం, యావజ్జీవం వరకు కూడా. అదే సవరణ ఒక వ్యక్తి ఉంచుకోదగిన తుపాకుల సంఖ్యను మూడు నుండి రెండుకు తగ్గించింది. అక్రమ ఆయుధ రవాణాకు పదేళ్ళనుండి యావజ్జీవం వరకు శిక్ష విధించింది. పెళ్ళిళ్ళలో, ఊరేగింపుల్లో సంబరానికి తుపాకి పేల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తేవడాన్ని కూడా ప్రత్యేక నేరంగా ప్రకటించింది.

రెండవది: 9వ సెక్షన్ కొందరికి ఆయుధం అందకూడదని నిర్దేశించింది. ఇరవైయొక్క ఏళ్ళు నిండనివారు, హింసతో గాని నైతిక పతనంతో గాని కూడిన నేరాలలో శిక్షపడి చట్టం చెప్పిన గడువు దాటనివారు, మతిస్థిమితం లేనివారు మొదలైనవారు ఈ కోవలోకి వస్తారు. అటువంటివాడని "తెలిసి" అమ్మడమే కాక, అటువంటివాడని "నమ్మడానికి కారణముండి" అమ్మడం కూడా ఈ సెక్షన్ నిషేధించింది. ఈ రెండవ మాట చాలా విలువైనది. వర్తకుడు కళ్ళు మూసుకుని, "నాకు తెలియదు" అన్నంతమాత్రాన సరిపోదు. తెలుసుకోదగిన కారణాలు ఎదుట ఉన్నాయా లేవా అని న్యాయస్థానం విచారిస్తుంది.

మూడవది, బినామీ విషయంలో అత్యంత ప్రధానమైనది, 29వ సెక్షన్. ఒక వ్యక్తికి ఆయుధం ఉంచుకునే హక్కు ఉన్నదని, అతనిపై నిషేధం లేదని ముందుగా రూఢి చేసుకోకుండా ఆ ఆయుధాన్ని అతనికి అప్పగించడమే ఇక్కడ నేరం. అమ్మకం అనే మాటకు బదులు అప్పగించడం అనే మాటను చట్టం వాడింది. రసీదు ఎవరి పేర ఉన్నా, తుపాకి ఎవరి వశమవుతున్నదన్నదే ప్రశ్న. రూఢి చేసుకునే భారం కూడా అప్పగించేవానిపైనే, అదీ అప్పగించడానికి ముందే ఉన్నది.

నాలుగవది: 8వ సెక్షన్ ప్రకారం తయారీదారు పేరు, నంబరు, గుర్తు లేని తుపాకిని అమ్మకూడదు. వర్తకుడు తన అమ్మకాలకు రిజిస్టరు ఉంచాలి. కొన్నవాని లైసెన్సుపై అమ్మిన ఆయుధం వివరాలు, తేదీ వ్రాసి సంతకం చేయాలి. ఆ రిజిస్టరు అధికారుల తనిఖీకి సిద్ధంగా ఉండాలి. ఈ నియమాలన్నిటి ఉద్దేశం ఒక్కటే: ప్రతి తుపాకికీ, దాని యజమానికీ మధ్య తెగని దారం ఉండాలి. దేశమంతటి లైసెన్సులను ఒకేచోట నమోదుచేసి, ప్రతి లైసెన్సుదారుకు ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఇచ్చే జాతీయ విధానం ఇటీవలి కాలంలో ఏర్పడింది. లైసెన్సు అసలుదా నకిలీదా అని సరిచూసుకునే అవకాశం దీనివల్ల పెరిగింది.

ఐదవది: ఈ చట్టం కింద నేరం జరిగిందని తెలిసిన ప్రతి వ్యక్తీ, తగిన కారణం ఉంటే తప్ప, దగ్గరలోని పోలీసు అధికారికి గాని మేజిస్ట్రేటుకు గాని తెలియజేయాలని 36వ సెక్షన్ చెబుతున్నది. అంటే బినామీ బేరాన్ని నిరాకరించడంతోనే అన్ని సందర్భాలలో వర్తకుని విధి పూర్తికాదు.

సామాన్య లైసెన్సుదారు కూడా ఒక విషయం తెలుసుకోవాలి. తన తుపాకిని మరొకరికి అమ్మదలిస్తే, కొనేవానికి సొంత లైసెన్సు ఉండాలి; అమ్మే ఉద్దేశాన్ని, కొనేవాని పేరూ చిరునామాలను జిల్లా మేజిస్ట్రేటుకో పోలీసుస్టేషనుకో లిఖితపూర్వకంగా తెలియజేయాలి; ఆ తర్వాత కనీసం 45 రోజులు ఆగాలి. ఇతరుని తుపాకిని లైసెన్సు లేనివాడు మోయడానికి చట్టం ఇచ్చిన వెసులుబాటు చాలా స్వల్పం: యజమాని సమక్షంలోనో, అతని వ్రాతపూర్వక అనుమతితోనో, మరమ్మతుకు గాని, లైసెన్సు పునరుద్ధరణకు గాని, యజమాని వాడకానికి గాని తీసుకుపోవచ్చు. పొరుగువాని చేనుకాపలాకు ఇచ్చిరావడం ఈ వెసులుబాటులో లేదు. వాస్తవాన్ని దాచి, తప్పుడు సమాచారంతో పొందిన లైసెన్సును రద్దుచేసే అధికారం 17వ సెక్షన్ కింద ఉన్నది.

కాగితం ఎక్కడ మోసపోయింది?

కాగితం ఒక్కటే చాలదని రుజువు చేసిన ఉదంతాలు మన దేశంలోనే ఉన్నాయి. 2017లో రాజస్థాన్ ఉగ్రవాద నిరోధక దళం ఒక పెద్ద లైసెన్సుల కుంభకోణాన్ని బయటపెట్టింది. ఆ తర్వాత కేసు సి.బి.ఐ. చేతికి వెళ్ళింది. 2012–2016 మధ్య జమ్మూ కాశ్మీరులో సుమారు 2 లక్షల 78 వేల ఆయుధ లైసెన్సులు జారీ అయ్యాయని, వాటిలో అనర్హులకు ఇచ్చినవి ఉన్నాయని ఆరోపణ. తుపాకి వర్తకులు అధికారులతో కుమ్మక్కయ్యారన్నది దర్యాప్తు సంస్థ అభియోగం. వర్తకుడే లైసెన్సు పుట్టించే దళారీగా మారితే, చట్టం అతనిపై ఉంచిన నమ్మకానికి అర్థమేముంటుంది? 2022లో హైదరాబాదు పోలీసులు కూడా, నకిలీ లైసెన్సులతో సెక్యూరిటీ గార్డులకు తుపాకులు సమకూర్చిన ముఠాను పట్టుకున్నారు. బ్యాంకు గుమ్మం దగ్గర, నగల దుకాణం ముందు తుపాకి పట్టి నిలిచే బీద ఉద్యోగి తన కాగితం బూటకమన్న సంగతి తెలిసీ తెలియక జైలు వాకిట నిలవవలసివస్తుంది.

అమెరికాలో తుపాకులు మన దేశంలో కంటె ఎంతో సులువుగా దొరుకుతాయి. అయినా అక్కడ కూడా లైసెన్సుగల వర్తకుని వద్ద కొనేవాడు ఒక పత్రం నింపాలి. నిజమైన కొనుగోలుదారువు నీవేనా అని ఆ పత్రం అడుగుతుంది. 2009లో వర్జీనియా రాష్ట్రంలో బ్రూస్ అబ్రాంస్కీ అనే మాజీ పోలీసు తన మేనమామ వరస బంధువుకోసం ఒక పిస్తోలు కొంటూ, ఆ ప్రశ్నకు అవునని వ్రాశాడు. పైకం ఆ బంధువు ముందే చెక్కుగా పంపాడు. ఇద్దరూ తుపాకి ఉంచుకోవడానికి అర్హులే. ఇద్దరిలో ఎవరూ నేరస్థులు కారు. అయినా 2014లో ఆ దేశపు సుప్రీంకోర్టు 5–4 ఆధిక్యతతో అతని శిక్షను ఖాయం చేసింది. అసలు కొనుగోలుదారు ఎవరన్న విషయాన్ని దాచడమే అక్కడ అపరాధమయింది. సొంత డబ్బుతో కొని నిజంగా కానుకగా ఇవ్వడం వేరు, ఇతరుని పైకంతో అతనికోసం తన పేర కొనడం వేరు అన్న తేడాను వారి నిబంధనలు పాటిస్తాయి. 2022లో చేసిన చట్టం బినామీ కొనుగోలునే నేరుగా ఒక ప్రత్యేక నేరంగా పేర్కొని, పదిహేనేళ్ళ వరకు కారాగారం విధించింది.

వర్తకుని విషయానికి వస్తే, మిల్వాకీ నగరపు ఉదంతం ప్రసిద్ధమైనది. 2009లో అక్కడ పద్ధెనిమిదేళ్ళ యువకుడొకడు ఇద్దరు పోలీసులను కాల్చి తీవ్రంగా గాయపరిచాడు. ఆ పిస్తోలు అతనికోసం మరొకడు తన పేర బ్యాడ్జర్ గన్స్ అనే దుకాణంలో కొన్నది. 2015లో జ్యూరీ ఆ దుకాణం నిర్లక్ష్యాన్ని నిర్ధారించి, సుమారు అరవై లక్షల డాలర్ల పరిహారం విధించింది. బినామీ ఆనవాళ్ళు గల్లా ముందే కనిపిస్తున్నా అమ్మకం సాగించారన్నదే బాధితుల వాదన. దీనికి భిన్నంగా 2025లో, మెక్సికో ప్రభుత్వం అమెరికా తుపాకి కంపెనీలపై వేసిన దావాను అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తోసిపుచ్చింది. తయారీదారులు ఫలానా నేరపూరిత అమ్మకాలకు సహకరించారని చెప్పడానికి తగిన ఆధారాలు దావాలో లేవన్నది. ఎదుట నిలిచి అమ్మినవానికీ, ఎక్కడో దూరాన తయారుచేసినవానికీ బాధ్యతలో తేడా ఉన్నదని ఈ రెండు తీర్పులను కలిపి చూస్తే బోధపడుతుంది. ఈ తేడా మన ఫిఖహ్ విద్యార్థులకు కొత్తది కాదు.

షరీఅత్ దృక్పథం

ఆయుధాన్ని అమ్మడం మౌలికంగా ధర్మసమ్మతమే. హునైన్ యుద్ధంలో తనకు లభించిన కవచాన్ని హజ్రత్ అబూ ఖతాదా (రజి) అమ్మి, ఆ సొమ్ముతో బనూ సలిమా వారి ప్రాంతంలో ఒక తోట కొన్నారు. ఇమామ్ బుఖారీ (రహ్మ) ఈ హదీసును సహీహ్‌లో క్రయవిక్రయాల భాగాన ఉదహరించారు. గమనించదగినదేమంటే, దీనిని ఆయన చేర్చిన అధ్యాయం ఫిత్నా కాలంలోనూ ఇతర కాలాలలోనూ ఆయుధాల అమ్మకం గురించినది. ఆ శీర్షికలోనే, ఫిత్నా సమయంలో ఆయుధం అమ్మడాన్ని హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) అయిష్టంగా భావించారని తెలియజేశారు. ఒకే అధ్యాయంలో రెండు సంగతులు ఉంచడం వల్ల విషయం స్పష్టమవుతున్నది: వస్తువు అదే, వర్తకం అదే, ఎవరికి, ఏ పరిస్థితిలో అన్నదానిని బట్టి ఆదేశం మారుతుంది.

దీనికి మూలాధారం దివ్య ఖుర్ఆన్‌లోని అల్ మాయిదా సూరా రెండవ ఆయతు. సత్కార్యాలలో, భయభక్తులలో పరస్పరం సహకరించుకోవాలని, పాపంలో, దౌర్జన్యంలో సహకరించరాదని అల్లాహ్ అందులో ఆదేశించాడు. పాపానికి సహకారం (ఇఆనత్) అనే ప్రకరణమంతా ఈ ఆయతు చుట్టూ అల్లుకున్నదే.

హనఫీ మజ్‌హబులో ప్రామాణిక గ్రంథమైన హిదాయాలో ఇమామ్ మర్‌గీనానీ (మరణం హిజ్రీ 593, క్రీ.శ. 1197) చేసిన విశ్లేషణ ఎంతో సూక్ష్మమైనది. సారా చేస్తాడని తెలిసినవానికి ద్రాక్షరసం అమ్మడంలో ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభ్యంతరం చూపలేదు. ఆయన ఇద్దరు శిష్యులు దానిని అయిష్టంగా పరిగణించారు. ద్రాక్షరసం రూపం మారిన తర్వాతనే పాపానికి సాధనమవుతుందన్నది ఇమామ్ గారి వాదన. కాని ఫిత్నా ప్రజలకు ఆయుధం అమ్మే విషయంలో ఈ వెసులుబాటు లేదు. ఎందుకంటే ఆయుధం అమ్మిన రూపంలోనే, ఏ మార్పూ లేకుండానే పాపానికి పనిముట్టవుతుంది. ఇనుము అమ్మినవానికీ, కత్తి అమ్మినవానికీ ఉన్న భేదం ఇదే. మెక్సికో, మిల్వాకీ వ్యాజ్యాలలో న్యాయమూర్తులు, జ్యూరీలు చర్చించిన దూరసమీపాల ప్రశ్న ఎనిమిది శతాబ్దాల కిందట ఇక్కడ ఈ రూపంలో కనిపిస్తున్నది.

అదే చోట హిదాయా మరొక మాట కూడా చెబుతుంది. కూఫా నగరంలో, ఫిత్నా ప్రజలలోనివాడని తెలియని మనిషికి ఆయుధం అమ్మడంలో దోషం లేదు. నగరాలలో సజ్జనులే అధికులు గనుక. అంటే ఎదుటివానిని మొదటినుంచీ దోషిగా చూడమని షరీఅత్ వర్తకునికి చెప్పలేదు.

ఇతర ఇమాములలో భేదాభిప్రాయం అమ్మకం చెల్లుబాటు గురించినది. ఇమామ్ షాఫిఈ (రహ్మ) దృష్టిలో ఒప్పందం బాహ్యరూపాన్ని బట్టి చెల్లుతుంది, దుష్టసంకల్పానికి పాపం వేరుగా ఉంటుంది. హంబలీ విద్వాంసుడు ఇబ్నె ఖుదామా (మరణం హిజ్రీ 620) అల్ ముగ్నీలో, దుర్వినియోగం సంగతి తెలిసి ఫిత్నా ప్రజలకు, బందిపోట్లకు ఆయుధం అమ్మడం హరామ్ మాత్రమే కాదు, ఆ అమ్మకం చెల్లదని కూడా వ్రాశారు. తెలిసి అమ్మడం ధర్మవిరుద్ధమన్న మూలాంశం మాత్రం ఈ చర్చలన్నిటిలోనూ స్పష్టం.

ఒక సందేహం – సమాధానం

మద్రసాలో ఫిఖహ్ చదివినవారికి ఇక్కడ ఒక సందేహం కలగవచ్చు. ఇస్లామ్‌లో వకాలత్ ధర్మసమ్మతం కదా! ఒకడు మరొకనికోసం వస్తువు కొనవచ్చు. హనఫీ ఫిఖహ్ ప్రకారం వకీలు తన యజమాని పేరు చెప్పకుండా, తన పేరనే బేరం చేసుకోవచ్చు; వెల చెల్లించే బాధ్యత, సరుకు పుచ్చుకునే హక్కు వకీలువే అవుతాయి. అలాంటప్పుడు పొరుగు రైతుకోసం తన పేర తుపాకి కొన్నవాని తప్పేమిటి?

దీనికి మూడు సమాధానాలున్నాయి. మొదటిది, వకాలత్ నియమాలు కొన్నవానికీ అమ్మినవానికీ మధ్య వెల, సరుకుల హక్కులకు సంబంధించినవి. తుపాకి లైసెన్సు ఆ ఇద్దరి మధ్య వ్యవహారం కాదు. ప్రజలందరి ప్రాణరక్షణకోసం పాలకవ్యవస్థ ఒక నిర్ణీత వ్యక్తిని పరిశీలించి అతనికిచ్చిన అనుమతి. ఒకని వైద్యపట్టాతో మరొకడు శస్త్రచికిత్స చేయలేడు. అలాగే ఒకని లైసెన్సుతో మరొకడు తుపాకి పట్టలేడు. వ్యక్తిని చూసి ఇచ్చిన అనుమతి బదిలీ కాదు.

రెండవది, వకీలు మౌనంగా ఉండవచ్చునేమో గాని అబద్ధం చెప్పకూడదు. ఈ తుపాకి నాకోసమే అని రిజిస్టరులో సంతకం చేయడం ఒక సాక్ష్యం. అబద్ధసాక్ష్యాన్ని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఘోరపాపాలలో లెక్కించారు. స్నేహితుని మేలుకోరి చేసినా అది అబద్ధసాక్ష్యం కాకపోదు.

మూడవది, లైసెన్సు తీసుకునేటప్పుడు దాని షరతులకు ఒప్పుకున్నవాడు ఒక ఒడంబడిక చేసుకున్నాడు. అల్ మాయిదా సూరా మొదటి ఆయతే ఒడంబడికలను నెరవేర్చమని విశ్వాసులను ఆజ్ఞాపిస్తున్నది. ప్రజల ప్రాణాలను కాపాడే ఈ షరతులలో షరీఅత్‌కు విరుద్ధమైనదేదీ లేదు గనుక వాటిని పాటించడం ముస్లిం పౌరునికి ధార్మిక విధి కూడా.

బాధ్యత ఎంతవరకు?

ఒకడు కాల్చాడు, మరొకడు అమ్మాడు. రక్తాపరాధం ఎవరిది? ఫిఖహ్‌లో ప్రత్యక్షంగా పని చేసినవానిని ముబాషిర్ అని, కారకుడైనవానిని ముతసబ్బిబ్ అని అంటారు. 1869–1876 మధ్య ఉస్మానియా ఖిలాఫత్ క్రోడీకరించిన మజల్లా 90వ నిబంధన ప్రకారం, కర్త, కారకుడు ఇద్దరూ ఉన్నప్పుడు అపరాధం కర్తకే చెందుతుంది. కారకుడు ఉద్దేశపూర్వకంగా చేస్తే తప్ప నష్టపరిహారానికి బాధ్యుడు కాడని 93వ నిబంధన సారాంశం. కారకుడు తన హద్దు మీరాడా లేదా (తఅద్దీ) అన్న విచారణ కూడా ఫుకహా చేస్తారు. బాటపక్క తన స్థలంలో బావి తవ్వినవానికీ, అనుమతి లేకుండా నడిబాటలో బావి తవ్వినవానికీ వారు చెప్పే భేదం ఇటువంటిదే.

దీనిని తుపాకి వర్తకునికి అన్వయిస్తే, లైసెన్సు సరిచూసి, మనిషిని సరిపోల్చి, అనుమానించదగిన ఆనవాలు ఏదీ లేక అమ్మినవాడు తన స్థలంలో బావి తవ్వినవాని వంటివాడు. తర్వాత జరిగిన దుర్మార్గం చేసినవానిది. కాని రూఢి చేసుకొమ్మని చట్టం శాసించినా చేసుకోనివాడు, ఆనవాళ్ళు చూసీ చూడనట్లు నటించినవాడు నడిబాటలో బావి తవ్వినవాడే. ఇహలోక న్యాయస్థానంలో అతడు తప్పించుకున్నా, పరలోకంలో ఆ అమ్మకం లెక్కకు రాకపోదు.

అనుమానానికి హద్దు

వర్తకుడు దేనిని బట్టి అనుమానించాలి? ఇక్కడ షరీఅత్ మధ్యేమార్గం చూపింది. జ్ఞానానికి ఫుకహా అంతస్తులు చెప్పారు: నిశ్చయం (యఖీన్), బలమైన ఊహ (గలబయె జన్), ఉత్త శంక. ఉత్త శంకతో ఎవరినీ దోషిగా ఎంచరాదు. అల్ హుజురాత్ సూరా 12వ ఆయతు ఎక్కువగా అనుమానించడం మానుకొమ్మని హెచ్చరించింది. బలమైన ఊహ మాత్రం ఆచరణలో నిశ్చయం వంటిదే. చట్టంలోని "నమ్మడానికి కారణం" అన్న మాటకు ఇది చాలా దగ్గరగా ఉన్నది.

కనుక అనుమానానికి ఆధారం కొనేవాని ప్రవర్తన కావాలి. లైసెన్సుదారు మౌనంగా నిలబడితే వెంట వచ్చినవాడే తుపాకి ఎంచడం, పైకం మరొకరి చేతినుండి రావడం, తాను కొనే తుపాకి సంగతులేవీ కొనేవానికి తెలియకపోవడం, తన తుపాకికి సరిపడని తూటాలు అడగడం, రిజిస్టరులో వివరాలు వ్రాయడానికి సంకోచించడం, లైసెన్సులోని ఫొటోకూ మనిషికీ పోలిక కుదరకపోవడం – ఇవి ఆనవాళ్ళు. ఇవి కనిపించినప్పుడు వర్తకుడు ఆగి అడగాలి. సంతృప్తికరమైన సమాధానం రాకపోతే అమ్మకూడదు. గడ్డం, టోపీ, పేరు, కులం, పేదరికం ఆనవాళ్ళు కావు. వాటిని చూసి తిరగగొట్టడం చట్టం అడిగిన పరిశీలన కాదు, అన్యాయం. ముస్లిం యువకులు ఈ విధమైన అకారణ అనుమానానికి గురికావడం మనకు తెలియనిది కాదు. అందుచేతనే పేరును చూసి కాక, ప్రవర్తనను చూసి విచారించే నియమం మనకు మరింత అవసరం.

కొనేవాని బాధ్యత మరువరాదు

అమ్మకందారుపై ఇంత చెప్పినా, బినామీకి తలుపు తెరిచేది పేరు అరువిచ్చేవాడే. అరువిచ్చిన పేరును వెనక్కి తీసుకోవడం అసాధ్యం. ఆ తుపాకితో ఎక్కడ ఏమి జరిగినా పోలీసులు మొదట తట్టేది రిజిస్టరులో పేరున్నవాని తలుపే. భార్యాబిడ్డలు, వృద్ధ తల్లిదండ్రులు ఆ అవమానంలో భాగస్వాములవుతారు. పైన ఉదహరించిన రైతు విషయంలో పొరుగువానికి చేయదగిన సాయం వేరే ఉన్నది: అతని దరఖాస్తు వ్రాసిపెట్టడం, కార్యాలయానికి తోడుగా వెళ్ళడం, తిరస్కరిస్తే అప్పీలు చేయించడం, పంటనష్టాన్ని అటవీశాఖ దృష్టికి తేవడం, రాత్రి కాపలాకు వంతులు వేసుకోవడం. తుపాకి ఉన్నా అటవీశాఖ నియమాల ప్రకారం అనుమతి లేకుండా అడవి జంతువులను కాల్చరాదన్నది కూడా రైతులు గుర్తుంచుకోవాలి.

ఆయుధం పట్ల జాగ్రత్త దైవప్రవక్త (స) నేర్పిన సభ్యతలో భాగం. మస్జిదులోనో బజారులోనో బాణాలతో నడిచేవాడు, ఎవరికీ గాయం కాకుండా వాటి ములుకులను చేత పట్టుకోవాలని ఆయన ఆదేశించారు. ఒరలేని కత్తిని చేతికి అందించడాన్ని వారించారు. సోదరుని వైపు ఆయుధం చూపరాదని హెచ్చరించారు. ఒర లేకుండా కత్తి అందించడాన్నే వారించిన ప్రవక్త (స) అనుయాయులు, తుపాకిని ఎవరి చేతికి అందిస్తున్నామో తెలుసుకోకుండా అందించడం ఎంతవరకు సమంజసం?

లైసెన్సు వర్తకునికి వ్యాపారహక్కు ఇస్తుంది, దానితోపాటే ఒక అమానత్‌ను కూడా అప్పగిస్తుంది. ఒక బేరం వదులుకుంటే పోయేది కొద్దిపాటి లాభం. వదులుకోకపోతే పోయేది ఒక ప్రాణం కావచ్చు. అన్యాయంగా ఒక ప్రాణం తీయడం సమస్త మానవాళిని చంపినట్లని, ఒక ప్రాణాన్ని కాపాడటం సమస్త మానవాళిని కాపాడినట్లని అల్ మాయిదా సూరా 32వ ఆయతు బోధిస్తున్నది. గల్లా ముందు కూర్చున్న వర్తకుడు, పేరు అరువడిగే మిత్రుని ముందు నిలిచిన లైసెన్సుదారు, ఇద్దరూ ఈ ఆయతును తమకు వర్తింపజేసుకోవాలి. హలాల్ సంపాదనతోపాటు నిర్మలమైన చేతులను కూడా అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక!